వరదలో నిశ్చలత: ఆల్ఫ్రెడ్ సిస్లే ‘పోర్-మార్లీలో వరద’ (1876) – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

నీరు హద్దు దాటడాన్ని చెప్పడానికి తెలుగులో ఒకే మాట లేదు. వానలకు నది పొంగి గట్టు దాటితే వరద. ప్రవాహపు ఉద్ధృతిని సూచించేది వెల్లువ. సముద్రం భూమి మీదికి వచ్చి పడితే ఉప్పెన. ఈ మాటల మధ్య ఉన్న భేదం నీటి పరిమాణానికి మాత్రమే సంబంధించినది కాదు. నీరు ఎటు నుంచి వచ్చింది, ఎంత వేగంతో వచ్చింది, మనిషి తప్పుకోవడానికి ఎంత వ్యవధి ఇచ్చింది అన్న అనుభవం వాటిలో ఇమిడి ఉంది. గోదావరి, కృష్ణా తీరాల వారికి ఈ భేదం పుస్తకాల ద్వారా తెలిసినది కాదు.

1876 మార్చిలో పారిస్ నగరానికి పడమరగా, సెన్ నది ఒడ్డున ఉన్న పోర్-మార్లీ అనే చిన్న ఊరు నీట మునిగింది. ఆ దృశ్యాన్ని ఆల్ఫ్రెడ్ సిస్లే ఒక తైలవర్ణ చిత్రంగా వేశాడు. ప్రస్తుతం పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్న ‘పోర్-మార్లీలో వరద’ అనే ఆ చిత్రం 60 సెంటీమీటర్ల ఎత్తు, 81 సెంటీమీటర్ల వెడల్పు గలది. వీధి మునిగింది, చెట్లు నీటిలో నిలబడి ఉన్నాయి, ఇంటి గుమ్మం దగ్గరికి పడవ వచ్చింది. అయినా చిత్రంలో ఆర్తనాదం లేదు, పరుగు లేదు, శవం లేదు. విశాలమైన ఆకాశం, దాని వెలుగును అందుకున్న నీరు, రెండింటి మధ్య కదలని ఒక ఇల్లు మాత్రమే కనిపిస్తాయి.

ఈ నిశ్చలత చూపరిని ఆకర్షిస్తుంది. కొంత ఇబ్బంది కూడా పెడుతుంది. ఊరు మునిగిన వేళ వెలుగునీడల సొగసును చిత్రించడం పరుల కష్టం పట్ల ఉదాసీనత కాదా అన్న ప్రశ్న సహజంగా పుడుతుంది. ఇంప్రెషనిస్టుల మీద సాధారణంగా వినిపించే ఆక్షేపణ కూడా ఇటువంటిదే: వారు ప్రపంచపు ఉపరితలాన్ని చూశారు గాని లోతును చూడలేదని. ఈ చిత్రంలోని ప్రశాంతత చిత్రకారుని ఉదాసీనతకు గుర్తు కాదని, ఒక నిర్దిష్టమైన నది స్వభావానికి, ఆ నదితో కలిసి బతకడం నేర్చిన ఊరి జీవితానికి సాక్ష్యమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ సాక్ష్యానికి ఉన్న పరిమితులను కూడా ఇందులో పరిశీలించడం జరుగుతుంది.

చిత్రకారుడు – స్థలం

సిస్లే 1839 అక్టోబర్ 30న పారిస్‌లో జన్మించాడు. తల్లిదండ్రులు ఆంగ్లేయులు, తండ్రి విలియం సిస్లే వ్యాపారి. వ్యాపార విద్య కోసం తండ్రి అతనిని 1857లో లండన్ పంపించాడు. అక్కడి నుంచి తిరిగి వచ్చిన తర్వాత సిస్లే వాణిజ్యాన్ని విడిచి చిత్రకళను ఎంచుకున్నాడు. 1862లో షార్ల్ గ్లేర్ శిక్షణశాలలో క్లోద్ మోనే, ఒగ్యుస్త్ రెన్వా, ఫ్రెదెరిక్ బజీల్ అతనికి సహాధ్యాయులయ్యారు. ఈ నలుగురూ గది గోడల మధ్య కాక, దృశ్యం ఎదుటనే నిలిచి చిత్రించే పద్ధతి వైపు మొగ్గినవారే.

ఆరుబయట చిత్రించడం వీరి ఆవిష్కరణ కాదు. ఫాంతెన్‌బ్లో అడవి అంచున ఉన్న బార్బిజోన్ గ్రామంలో తెయొదోర్ రూసో వంటివారు అప్పటికే ప్రకృతి ఎదుట కూర్చుని పని చేశారు. షార్ల్-ఫ్రాన్సువా దొబిన్యీ తన పడవనే చిత్రశాలగా మార్చుకుని నదుల మీద సంచరించాడు. ఈ పద్ధతి విస్తరించడానికి సాంకేతిక కారణాలు కూడా తోడ్పడ్డాయి. 1841లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు బయటికి వచ్చే లోహపు ట్యూబుకు పేటెంట్ పొందాడు. అంతకు ముందు నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తులలో దాచేవారు. తిత్తిని ఒకసారి పొడిస్తే రంగు త్వరగా పాడయ్యేది. మూత ఉన్న ట్యూబు వచ్చాక రంగులు సంచిలో వేసుకుని ఎంత దూరమైనా వెళ్లగలిగారు.

కాన్వాసు కూడా అలాగే దుకాణపు సరుకైంది. నిర్ణీతమైన కొలతలలో, నంబర్ల వారీగా, పూత పూసి సిద్ధం చేసిన కాన్వాసులు ఫ్రాన్సులో అమ్మేవారు. సిస్లే వరద చిత్రపు కొలత అయిన 81, 60 సెంటీమీటర్లు ఆ పట్టికలో ‘25వ నంబరు, ప్రకృతి దృశ్యం’ అనే పరిమాణానికి సరిపోతాయి. రాజభవనాల గోడల కోసం నేయించిన వస్త్రం కాదిది. చంకలో పెట్టుకుని నది ఒడ్డుకు నడిచి వెళ్లగలిగిన వస్తువు. చిత్రపు పరిమాణమే దాని పుట్టుకను గురించి కొంత చెబుతున్నది.

1870–71 నాటి ఫ్రాన్స్–ప్రష్యా యుద్ధం సిస్లే కుటుంబాన్ని ఆర్థికంగా కుంగదీసింది. తండ్రి వ్యాపారం దెబ్బతిన్నది. అంతవరకు చిత్రకళ అతనికి ఇష్టమైన వ్యాపకం. ఆ తర్వాత అదే జీవనాధారమైంది. అద్దె తక్కువగా ఉండే పారిస్ పడమటి శివారులలో అతను కాపురం పెట్టాడు. మొదట లూవ్‌సియెన్, 1875 నుంచి మార్లీ-ల-ర్వా. సెన్ లోయకు ఎగువన, వాలు మీద ఉన్న ఊరు మార్లీ-ల-ర్వా. దాని దిగువన, నది ఎడమ ఒడ్డున ఉన్నది పోర్-మార్లీ. పేరులోని ‘పోర్’ అనే మాటకు రేవు అని అర్థం. పద్నాలుగవ లూయీ రాజోద్యానాలకు నీరు ఎత్తిపోయడానికి 1684లో నిర్మించిన ప్రసిద్ధమైన మార్లీ యంత్రం ఈ తీరంలోనిదే. రాజు ఈ నదిని ఎత్తి తన ఫౌంటెన్లలో ఆడించుకున్నాడు. రెండు శతాబ్దాల తర్వాత సిస్లే అదే నది తన ఇష్టప్రకారం వీధులలోకి నడిచి వచ్చిన దృశ్యాన్ని చిత్రించాడు.

పోర్-మార్లీ వరదను సిస్లే చిత్రించడం 1876లోనే మొదలు కాలేదు. 1872లో నది పొంగినప్పుడు కూడా అతను ఇక్కడ పని చేశాడు. ఆ సంవత్సరపు తేదీ వేసిన ‘పోర్-మార్లీలో వరద’ ఒకటి వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. 1876లో అతను కనీసం ఆరు చిత్రాలు వేశాడు. ఓర్సే మ్యూజియంలోనే ఉన్న ‘వరద వేళ పడవ, పోర్-మార్లీ’ వాటిలో ఒకటి. మరొకటి రువాఁ నగరపు లలితకళల మ్యూజియంలో ఉంది. ఒకే స్థలాన్ని మళ్లీ మళ్లీ చిత్రించడం అంటే, వింతను చూడటానికి ఒక పూట వచ్చి వెళ్లిన వ్యక్తి దృష్టి కాదు అతనిది. నీటిమట్టం మారుతుండగా చూస్తూ నిలబడిన పొరుగువాని దృష్టి.

ఫ్రెంచి చిత్రకళలో వరద

సిస్లే నిశ్చలత విలువ తెలియాలంటే అతనికి ముందు ఫ్రెంచి చిత్రకళ వరదను ఎలా చూసిందో గమనించాలి. నికొలా పుస్సేన్ 1660–64 మధ్య వేసిన నాలుగు ఋతువుల చిత్రాలలో ‘శీతకాలం’ అన్నది బైబిలులోని జలప్రళయమే. బూడిదరంగు చీకటిలో మునిగిపోతున్న పడవ, రాతిమీద పాకుతున్న పాము, బిడ్డను పైకి అందించే తల్లిదండ్రులు అందులో కనిపిస్తారు. నీరు అక్కడ దైవ నిర్ణయం. మనిషి శిక్ష అనుభవించేవాడు.

1806 సలోన్ ప్రదర్శనలో జిరొదే చూపిన ‘జలప్రళయ దృశ్యం’ నాలుగు మీటర్లకు పైగా ఎత్తు ఉన్న చిత్రం. వృద్ధుడైన తండ్రిని వీపున మోస్తూ, భార్యాబిడ్డలను ఒక చేత్తో లాగుతూ, విరుగుతున్న కొమ్మను పట్టుకుని వేలాడే పురుషుడు అందులో కేంద్రం. వరద అక్కడ మానవ దేహపు యాతనను, కుటుంబ ధర్మాన్ని ప్రదర్శించడానికి దొరికిన రంగస్థలం. 1810లో దశాబ్ది బహుమతి పోటీలో ఈ చిత్రానికి దావీద్ ‘సాబీన్ స్త్రీలు’ కంటే ఎక్కువ గౌరవం దక్కింది.

మూడవ రీతి రాజకీయమైనది. 1856లో రోన్, లువార్ నదులు పొంగి ఫ్రాన్సులో విస్తారమైన నష్టం కలిగించాయి. మూడవ నెపోలియన్ తారాస్కోన్ పట్టణంలో వరద బాధితులను పరామర్శించిన సంఘటనను బుగెరో ఆ సంవత్సరమే చిత్రించాడు. అందులో వరద కంటే చక్రవర్తి కరుణ ముఖ్యం. బాధితులు ఆ కరుణకు పాత్రులుగా మాత్రమే కనిపిస్తారు.

ఈ మూడు సంప్రదాయాలలోనూ నీటికి స్వయం ప్రతిపత్తి లేదు. అది దేవుని కోపానికో, మనిషి వీరత్వానికో, పాలకుని దయకో నేపథ్యం. ఫ్రెంచి అకాడమీ దృష్టిలో ప్రకృతి దృశ్యానికి కథ తోడైతేనే గౌరవం. ‘చారిత్రక ప్రకృతి దృశ్యం’ అనే విభాగానికి 1817లో ఏర్పాటు చేసిన రోమ్ బహుమతి 1863 వరకు కొనసాగింది. సిస్లే తరం ఈ నియమం సడలిపోయిన వెంటనే ఎదిగి వచ్చిన తరం.

సిస్లే చిత్రానికి సరిగా తొమ్మిది నెలల ముందు ఫ్రాన్సు మరొక వరదను చూసింది. 1875 జూన్ 23న గరోన్ నది తులూజ్ నగరంలోని సాఁ-సిప్రియాఁ పేటను ముంచెత్తింది. రెండు వందల మందికి పైగా మరణించారు. వెయ్యికి పైగా ఇళ్లు కూలిపోయాయి. అధ్యక్షుడు మక్-మాఓఁ స్వయంగా అక్కడికి వెళ్లాడు. ఎమిల్ జోలా ఈ విపత్తు ఆధారంగా ‘వరద’ అనే కథ రాశాడు. కనుక 1876 వసంతంలో వరద అనే మాట ఫ్రెంచి పాఠకునికి మృత్యువునే గుర్తుకు తెచ్చేది. ఆ వాతావరణంలో సిస్లే మరణం లేని వరదను చిత్రించాడు. అది అతను తెలిసి చేసిన ఎంపికా, లేక కళ్లెదుట ఉన్నదే అదా అన్నది అసలు ప్రశ్న.

చిత్ర పరిశీలన

చిత్రంలో ఎడమవైపు ఒక వైన్ వర్తకుని ఇల్లు నిలబడి ఉంది. లేత పసుపు, గులాబీ ఛాయలు కలిసిన గోడలు, వరుసగా కిటికీలు. దాని గోడమీది పేరు ‘సాఁ నికొలా’. నికొలాస్ పునీతుడు క్రైస్తవ సంప్రదాయంలో నావికులకు, పడవవారికి రక్షకుడు. రేవు ఒడ్డున ఉన్న దుకాణానికి ఆ పేరు పెట్టడం వెనుక అక్కడికి వచ్చే గిరాకీ ఎవరన్నది ఊహించడం కష్టం కాదు. నదిని నమ్ముకున్న ఇల్లు నదిలో నిలబడి ఉండటం ఈ చిత్రంలోని నిశ్శబ్దమైన వ్యంగ్యం. చిత్రకారుడు దానిని ఎత్తి చూపలేదు. పేరును ఉన్నది ఉన్నట్టు రాసి వదిలాడు.

కుడివైపు ఆకులు లేని చెట్లు నీటిలో వరుసగా నిలబడి దూరమవుతూ కనిపిస్తాయి. మామూలు రోజులలో అవి ఒడ్డు ఎక్కడ ఉందో చెప్పే గుర్తులు. ఒడ్డు మాయమయ్యాక దారిని సూచించేవి అవి మాత్రమే. చిత్రానికి లోతును ఇచ్చేది కూడా ఆ వరుసే. పడవలు, వాటిలోని మనుషులు చిన్న చిన్న కుంచె గుర్తులుగా ఉన్నారు. వారి ముఖాలు కనిపించవు. కాని వారి పని కనిపిస్తుంది: నిలబడటం, పడవను ఇంటి వైపు నడపడం. ‘వరద వేళ పడవ’ చిత్రంలో ఈ వివరం మరింత స్పష్టం. అక్కడ ఇల్లు దగ్గరగా ఉంది. పడవలు దాని ముంగిట్లోనే ఆగాయి.

ఆకాశం చిత్రంలో దాదాపు సగం ఆక్రమించింది. తెల్లని, బూడిదరంగు మబ్బుల మధ్య నీలం తొంగి చూస్తోంది. వాన వెలిసిన తర్వాతి ఆకాశమది. సిస్లే తన పద్ధతిని గురించి విమర్శకుడు అదొల్ఫ్ తావెర్నియేకు రాసిన లేఖ 1890ల తొలినాళ్లలో వెలువడింది. ఆకాశం కేవలం వెనుక తెర కారాదని, తన పొరల ద్వారా చిత్రానికి లోతును, తన ఆకృతుల ద్వారా కదలికను ఇవ్వాలని అందులో అతని అభిప్రాయం. తాను ప్రతి చిత్రాన్ని ఆకాశంతోనే ప్రారంభిస్తానని కూడా చెప్పాడు. ఆకాశం నుంచి మొదలుపెట్టే చిత్రకారునికి వరద విశేషమైన అవకాశం. నేల ఉండవలసిన చోట మరొక ఆకాశం ఏర్పడుతుంది. చిత్రం పైభాగంలో మెత్తగా పరచిన రంగు, కింది భాగంలో తెగిన అడ్డగీతలుగా మారుతుంది. ఆకాశానికి, నీటికి రంగు ఒకటే. కుంచె నడక వేరు. నీరు ఎంత నెమ్మదిగా కదులుతున్నదో ఆ గీతలను బట్టి తెలుస్తుంది.

ఈ గీతలలో సుడి లేదు, నురగ లేదు, కొట్టుకుపోతున్న దుంగ లేదు. ఇంటి ప్రతిబింబం చెదిరినా నిలబడే ఉంది. ఉరకలు వేసే నీటిలో ప్రతిబింబం ఏర్పడదు. కాబట్టి ఈ ప్రతిబింబం అలంకారం మాత్రమే కాదు, జలప్రవాహ వేగాన్ని గురించిన సమాచారం కూడా.

రెండు నదులు – రెండు వరదలు

చిత్రంలో కనిపించిన ఈ నెమ్మదితనాన్ని నదీ స్వభావంతో పోల్చి చూడవచ్చు. సెన్ నది సుమారు 777 కిలోమీటర్ల పొడవున ప్రవహిస్తుంది. కాని అది పుట్టే చోటు సముద్రమట్టానికి 450 మీటర్లకు లోపే. అంటే నది మొత్తం పొడవుకు పంచితే వాలు అత్యల్పం. పారిస్ దాటిన తర్వాత నది పెద్ద పెద్ద మెలికలు తిరుగుతూ సాగడానికి ఈ చదునుతనమే కారణం. సెన్ పొంగు సాధారణంగా చలికాలపు దీర్ఘమైన వానల వల్ల, ఎగువ ఉపనదుల నీరు ఒకదాని వెంట ఒకటి చేరడం వల్ల వస్తుంది. నీటిమట్టం రోజుల తరబడి మెల్లగా పెరుగుతుంది; తగ్గడం అంతకంటే ఆలస్యం. గరోన్ అటువంటిది కాదు. అది పిరెనీ పర్వతాలలో పుట్టినది. 1875 జూన్‌లో భారీ వానలకు కరిగిన మంచు తోడై ఆ నది హఠాత్తుగా విరుచుకుపడింది.

తులూజ్ ప్రజలకు గరోన్ ఇవ్వని వ్యవధిని పోర్-మార్లీ ప్రజలకు సెన్ ఇచ్చింది. ఆ వ్యవధిలో మనుషులు సామాను పై అంతస్తుకు చేర్చగలరు, పడవను గుమ్మానికి కట్టుకోగలరు, నీరు తీసే దాకా ఓపిక పట్టగలరు. సిస్లే చిత్రంలోని మనుషులు చేస్తున్నది అదే. వారు పారిపోవడం లేదు. రోజువారీ పనిని పడవలోకి మార్చుకున్నారు. వారిలో కనిపించే నిదానం నదిని ఎరిగినవారి నిదానం. తులూజ్ వరదను ఈ రీతిలో చిత్రించి ఉంటే అది అబద్ధమయ్యేది. పోర్-మార్లీ వరదను జిరొదే రీతిలో చిత్రించినా అబద్ధమే అయ్యేది.

ఈ కోణంలో చూస్తే సిస్లే చేసింది ఒక ముఖ్యమైన సవరణ. వరద అంటే ప్రళయమే అన్న వారసత్వ భావనను పక్కనపెట్టి, ఈ ఊరిలో ఈ నెలలో ఈ నది చేసినది ఇంత అని నమోదు చేశాడు. ఆరుబయట చిత్రణ అనే పద్ధతికి ఉన్న నైతిక విలువ ఇక్కడ కనిపిస్తుంది. గదిలో కూర్చుని వరదను ఊహించే చిత్రకారుడు సంప్రదాయం ఇచ్చిన దృశ్యాన్నే వేస్తాడు. నీటి అంచున నిలబడినవాడు తన కంటికి లేనిదానిని చేర్చడానికి సంకోచిస్తాడు.

సాక్ష్యానికి పరిమితి

అయితే ఈ వాదనను అతిగా సాగదీయడం సరికాదు. చిత్రం చెప్పని విషయాలు ఉన్నాయి. వైన్ వర్తకుని ఇంటి ముంగిలి నీటిలో ఉన్నప్పుడు ఆ ఇంటి నేలమాళిగ ఏ స్థితిలో ఉంటుందో చూపరి ఊహించవలసిందే. రేవు పని ఆగిపోతే కూలీకి ఆ రోజులలో దొరికే ఆదాయం ఏమిటన్నది చిత్రంలో లేదు. నీరు తీసిన తర్వాత మిగిలే బురద, తడిసిన గోడలు, చలి, రోగం కూడా లేవు. నెమ్మదిగా వచ్చే వరద ప్రాణాలను తీయకపోవచ్చు. అంతమాత్రాన అది నష్టం లేని వరద కాదు.

చిత్రకారుడు నిలబడిన చోటు కూడా గమనించదగినది. అతని ఇల్లు మార్లీ-ల-ర్వాలో, ఎత్తు మీద ఉంది. అతను పొడి నేల నుంచి దిగి వచ్చి, పని ముగించుకుని పొడి ఇంటికి తిరిగి వెళ్లగలిగినవాడు. పోర్-మార్లీ నివాసికి ఆ వెసులుబాటు లేదు. చిత్రంలోని దూరం – మనుషులు చిన్నవిగా, ముఖాలు లేకుండా ఉండటం – కొంతవరకు ఈ ఎత్తుపల్లాల తేడా ఫలితమే. సిస్లే వరద చిత్రాలు నది గురించి, ఇల్లు గురించి, వెలుగు గురించి నమ్మదగిన సాక్ష్యాలు. ఆ ఇంట్లో ఉన్నవారి మనసు గురించి అవి మౌనంగా ఉన్నాయి. ఈ మౌనాన్ని అబద్ధమనడం కంటే, తనకు తెలియని దుఃఖాన్ని తెలిసినట్టు నటించని సంయమనమని గుర్తించడం ఉచితం. బుగెరో చిత్రంలో బాధితుల ముఖాలు ఉన్నాయి. కాని అవి చక్రవర్తి కోసం ఉన్నాయి.

వెల – పౌరసత్వం

ఈ సంయమనానికి సమకాలికులు ఇచ్చిన విలువ స్వల్పం. 1876 వసంతంలో పారిస్‌లోని ల్ పెల్తియే వీధిలో, వర్తకుడు దురాఁ-రుయెల్ గ్యాలరీలో ఇంప్రెషనిస్టుల రెండవ ప్రదర్శన జరిగింది. సిస్లే అందులో పాల్గొన్నాడు. ‘ల్ ఫిగరో’ పత్రికలో ఆల్బేర్ వోల్ఫ్ ఏప్రిల్ 3న రాసిన సమీక్ష ప్రసిద్ధం. ఆ వీధిలోని ఒపేరా భవనం 1873లో అగ్నికి ఆహుతైన సంగతిని గుర్తు చేసి, ఈ ప్రదర్శన ఆ వీధికి వచ్చిపడిన మరొక విపత్తు అని అతను ఎగతాళి చేశాడు. నిజమైన విపత్తును విపత్తులా అరవకుండా చిత్రించిన మనిషి పాల్గొన్న ప్రదర్శనకే ఆ పేరు పడింది.

‘పోర్-మార్లీలో వరద’ అప్పట్లో 180 ఫ్రాంకులకు అమ్ముడుపోయింది. ఆ తర్వాతి రెండు దశాబ్దాలూ సిస్లేకు ఆర్థిక స్థిమితం కలగలేదు. మోనే, రెన్వా 1880ల నుంచి కొనుగోలుదారులను సంపాదించుకోగా సిస్లే మొరే-స్యుర్-లువాఁ పరిసరాలలో తన నదులను, వంతెనలను, చర్చిని చిత్రిస్తూ ఉండిపోయాడు. 1897లో జార్జ్ పెతీ గ్యాలరీలో అతని చిత్రాలతో పెద్ద ప్రదర్శన జరిగింది. ఆశించిన ఆదరణ దానికీ లభించలేదు. 1898లో భార్య మరణించింది. గొంతు కాన్సర్‌తో బాధపడుతూ 1899 జనవరి 29న సిస్లే మొరేలో కన్నుమూశాడు.

అతని జీవితంలో మరొక అపరిష్కృత విషయం పౌరసత్వం. పారిస్‌లో పుట్టి, జీవితంలో అత్యధిక భాగం ఫ్రాన్సులో గడిపి, ఫ్రెంచి నదులనే చిత్రించిన సిస్లే చట్టరీత్యా బ్రిటిష్ పౌరుడు. 1898లో ఫ్రెంచి పౌరసత్వం కోసం చేసుకున్న దరఖాస్తు ఫలించలేదు. మళ్లీ చేసిన ప్రయత్నం అనారోగ్యం వల్ల పూర్తి కాలేదు. నేటి చిత్రకళా చరిత్రలు అతనిని ఫ్రెంచి ప్రకృతి దృశ్య చిత్రకారుల వరుసలో నిలుపుతున్నాయి. అతను బతికి ఉండగా ఫ్రెంచి రాజ్యం ఆ మాట అనలేదు.

మరణానంతరం 1899 మే 1న అతని పిల్లల సహాయార్థం చిత్రాల వేలం జరిగింది. మోనే తదితర మిత్రులు అందుకు పూనుకున్నారు. తర్వాతి సంవత్సరం, 1900 మార్చిలో, తావెర్నియే సేకరణ వేలానికి వచ్చింది. ఆకాశాన్ని గురించిన లేఖను అందుకున్న తావెర్నియే వద్దనే ‘పోర్-మార్లీలో వరద’ ఉండేది. ఆ వేలంలో ఇజాక్ ద కామొందో అనే సేకర్త దానిని 43,000 ఫ్రాంకులకు కొన్నాడు. 180 నుంచి 43,000 వరకు: సుమారు 240 రెట్లు. చిత్రకారుడు మరణించి అప్పటికి పద్నాలుగు నెలలు కూడా నిండలేదు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి కాలం న్యాయం చేసిందని ముగించడం పరిపాటి. ఆ ముగింపును పునఃపరిశీలించవలసి ఉంది. ఇరవై నాలుగేళ్లలో చిత్రంలో ఒక్క గీత కూడా మారలేదు. మారినది చూసేవారి దృష్టి, దానికంటే ముఖ్యంగా సరఫరా. ఇక కొత్త సిస్లే చిత్రం రాదన్న నిశ్చయం ధరను పెంచింది. పెరిగిన ధర చిత్రం చేతిలో ఉన్నవారికి చేరింది, చిత్రించినవానికి కాదు. కనుక 1900 నాటి వేలం సిస్లే సాధించిన విజయం కాదు. ఒక చిత్రాన్ని ఆదరించడానికీ, దానిని వేసిన మనిషిని ఆదరించడానికీ మధ్య ఉన్న ఎడానికి అది దాఖలా.

ముగింపు

కామొందో 1911లో మరణించాడు. అతని సేకరణ ఫ్రెంచి ప్రభుత్వానికి సంక్రమించడంతో పోర్-మార్లీ వరద చిత్రాలు రెండూ లూవ్ర్ మ్యూజియానికి చేరాయి. అంతకు ముందటి సంవత్సరమే, 1910 జనవరిలో, సెన్ నది పారిస్‌లో 8.62 మీటర్ల మట్టానికి ఎగబాకింది. నెమ్మదిగా పెరిగే నది ఎంత నష్టం చేయగలదో ఆ వరద నగరానికి చూపింది. అప్పుడు మునిగిన కట్టడాలలో ఒడ్డున ఉన్న ఓర్సే రైల్వే స్టేషన్ ఒకటి. దాని పట్టాలు నీటి అడుగున ఉండిపోయాయి. ఆ స్టేషన్ భవనమే 1986లో ఓర్సే మ్యూజియంగా మారింది. సిస్లే వరద చిత్రం ఉన్నది ఆ భవనంలోనే. 2016 జూన్ ఆరంభంలో సెన్ మళ్లీ ఆరు మీటర్లు దాటినప్పుడు ఈ మ్యూజియాన్ని, లూవ్ర్‌ను సందర్శకులకు మూసివేసి, కళాఖండాల రక్షణకు చర్యలు తీసుకోవలసి వచ్చింది. ఆ చర్యలకు సమయం దొరకడానికి కారణం కూడా సెన్ స్వభావమే: నీరు వస్తున్నదని రోజుల ముందే తెలిసింది.

‘పోర్-మార్లీలో వరద’ ఈ స్వభావాన్ని 1876లోనే గుర్తించి నమోదు చేసిన చిత్రం. పుస్సేన్ నుంచి బుగెరో వరకు వరద మరొక దానికి సంకేతం. సిస్లే చేతిలో అది ఒక నది, ఒక ఊరు, ఒక మార్చి నెల. అతని నిశ్చలత విపత్తును అందంగా మార్చే ప్రయత్నం కాదు. నదీ స్వభావానికి కట్టుబడి ఉండటం. ఆ విధేయతకు హద్దు కూడా ఉంది: నీటి అంచున నిలబడినవాడు నీటిలో ఉన్నవాని మాట చెప్పలేడు, సిస్లే చెప్పడానికి ప్రయత్నించలేదు. వరద చిత్రాలను వాటిలోని కన్నీటి పరిమాణాన్ని బట్టి కాక, ఏ నీరు, ఎంత వేగం, ఎవరికి ఎంత వ్యవధి అన్న ప్రశ్నలతో చదవవచ్చునని ఈ చిత్రం నేర్పుతున్నది. వరదను, వెల్లువను, ఉప్పెనను వేరు చేసి చెప్పగల భాషలో ఆ పఠనానికి కావలసిన మాటలు ముందే ఉన్నాయి.